వరుసలో రాయి

"గల్ఫ్‌ల లడాయి. నూనె ఓడలు వస్తలేవు. ఇదే ఆఖరి లీటరు," అన్నాడు టేకులపల్లి రేషన్ డీలర్.

సంసోను తన వంతుకు గుర్తుగా పొద్దుటినుంచి వరుసలో పెట్టిన రాయిని ఒక ముసలాయన కాలితో తోసేసి డబ్బా చాపాడు. డీలర్ వెంటనే కిరోసిన్ నింపాడు.

"నా పెండ్లాం దవాఖానాల నొప్పులు పడుతున్నది. కరెంటు లేదు. ఇటియ్యి!" అని అరిచాడు సంసోను.

"గందుకే బిడ్డా, జర విను..." అన్నాడు ముసలాయన.

సంసోను ఆ రాయితోనే ఆయన తల మీద కొట్టాడు. కిందపడ్డాక మళ్లీ కొట్టాడు. ముసలాయన కదల్లేదు. డబ్బా లాక్కుని దవాఖానాకు పరుగెత్తాడు.

నర్సు లాంతరు వెలిగించి డబ్బాను తేరిపార చూసింది.

"ఇది మా డబ్బానే. నీ పెండ్లాం కాన్పుకనే మా పిచ్చయ్యతాతను నూనెకు తోలిన. ఏడీ ఆయన?"

సంసోను చేతులు వెనక్కి దాచుకున్నాడు.