డాబా మీద పడవ పాట

నిశ్చితార్థంలో ప్రద్యోత్ నెత్తిన ధాన్యం, గరిక వేసి ఆశీర్వదించడం కాగానే పెళ్లికూతురు కాజరి తండ్రి హార్మోనియం తెప్పించాడు.

ప్రద్యోత్ సగం కొరికిన సందేశ్ మిఠాయిని తిరిగి పళ్లెంలో పెట్టేశాడు.

'జ్యోత్స్నాఘాట్' సినిమా వచ్చినప్పటినుంచి కలకత్తా శ్యామ్‌బజార్‌లో ఎవరి నోట విన్నా ఆ పాటలే. పూజ పందిట్లో అవే, మంగలి కొట్లో అవే, ట్రాము కండక్టరు ఈలలోనూ అవే. కాజరి తండ్రికైతే ఆ సినిమా పిచ్చి ముదిరి పాకాన పడింది. పాట రానివాడికి పిల్లనివ్వనని, వచ్చిన సంబంధాలన్నిటినీ మిఠాయి పెట్టి మరీ సాగనంపాడు.

ప్రద్యోత్‌కి పాట రాదు. నోరు విప్పితే కాకులు లేచిపోతాయి. పాడేది అతని స్నేహితుడు హిమాద్రి. సాయంత్రాలు డాబా మీద హిమాద్రి పావురాల గూటి వెనక నక్కి ఆ సినిమాలోని పడవ పాట పాడేవాడు. ప్రద్యోత్ పిట్టగోడ దగ్గర నిలబడి పెదాలు కదిపేవాడు. సినిమాలో హీరో చేసేదీ అదేగా, వాడికి జనం ఈలలు వెయ్యడం లేదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

సందుకు అవతలి డాబా మీద కాజరి నిలబడి ఆడగొంతు చరణం అందుకునేది. ఆరేసిన చీరల వెనక చెల్లెలు పూరబి బట్టలు తీస్తూ ఉండేది. ఆ పాట విని విని ప్రద్యోత్ నిలువునా మునిగిపోయాడు. ఈ పిల్ల దక్కకపోతే తనకిక బతుకే లేదనుకున్నాడు.

ఇవాళ్టికీ ఏర్పాటు చేసుకునే వచ్చాడు. హిమాద్రి వరండాలో తెర వెనక కూర్చుని పాడాలి. మొహమాటపడతాడేమో అనుకుంటే, వాడు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

ప్రద్యోత్ తెర వెనక్కి తొంగిచూశాడు. ఎవరూ లేరు.

"ఏం బాబూ, దిక్కులు చూస్తున్నావు? పడవ పాటే కానియ్యి. మా అమ్మాయి అందుకుంటుంది" అన్నాడు కాబోయే మామగారు, హార్మోనియం తిత్తి ఆడిస్తూ.

గొంతు బాగాలేదన్నాడు ప్రద్యోత్. అల్లం టీ తెప్పించారు. తాగి నెమ్మదిగా పాడమన్నారు. పెద్దమ్మలు, పిన్నమ్మలు చాప మీద సర్దుకుని కూర్చున్నారు. ఈ గొంతు చూసే పిల్లనిస్తున్నాం నాయనా అందొకావిడ. పరువు ఎలాగూ పోతుంది, పిల్ల కూడా పోతుందే అని అతనికి ఏడుపొచ్చింది.

పక్కన కూర్చున్న కాజరి మొహం కూడా పాలిపోయి ఉంది. కనీసం ఈమెకైనా ముందు చెప్పెయ్యాలనుకున్నాడు. టీ కప్పు అందుకునే నెపంతో వంగి గొంతు తగ్గించాడు.

"కాజరీ, నన్ను క్షమించు. ఇన్నాళ్లూ పాడింది నేను కాదు, హిమాద్రి."

కాజరి తల ఎత్తలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అతని కోసం చూడకండి, ఇన్నాళ్లూ నాకు పాడిపెట్టిన మా పూరబిని తీసుకుని ఇందాకే దొడ్డిదారిన వెళ్లిపోయాడు."