ముడతలమ్మ

"మళ్లీ ముడత పెట్టావా?"

ఆర్టిస్టు గొంతుకి ఫొటోల గదిలో అందరూ తలెత్తారు.

ఇస్త్రీ ఆమె తలెత్తలేదు. డమ్మీకి తొడిగిన కోటు మోచెయ్యి దగ్గర ముడతని బొటనవేలితో ఇంకాస్త లోపలికి నొక్కింది. చేతి అంచుని గుండుసూదితో నడుం దగ్గర గుచ్చింది.

"ముడతలు తీయడానికేగా నిన్ను పెట్టుకుంది?"

"చెయ్యి నడుం మీద పెట్టుకుంటే బట్ట ఇక్కడ మడత పడుతుందమ్మా."

"ఏ చెయ్యి? డమ్మీకి చేతులే లేవు."

"మీరు గీస్తారు కదమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు.

అక్కడ పని అదే. తలా చేతులూ కాళ్లూ లేని డమ్మీకి కొత్త బట్టలు తొడుగుతారు. ఫొటో తీస్తారు. ఆ ఫొటో మీద కంప్యూటర్లో ఆర్టిస్టు మనిషిని గీస్తుంది. బట్ట ఫొటోలో ఉన్నట్టే ఉంటుంది. మనిషి మాత్రం వట్టి గీతల్లో ఉంటుంది. రెండూ కలిసే చోట అతుకు కనపడకూడదు.

ఈ ఆర్టిస్టు బొమ్మల్లో ఆ అతుకు కనపడదు. ఈ మధ్య ఆమెకి పేరొచ్చింది అందుకే.

ఇస్త్రీ ఆమె పనిలో చేరి నాలుగు నెలలు. యాభై దాటి ఉంటాయి. ఎక్కణ్నుంచి వచ్చావని ఒక్కరూ అడగలేదు. ముడతలమ్మ అని పేరు పెట్టి, అక్కడితో సరిపెట్టుకున్నారు.

పని లేనప్పుడు గోడ పక్కన నిలబడేది. నిలబడిందంటే అంతే, గంటైనా కదిలేది కాదు. ఓసారి కెమెరా అతను పరధ్యానంలో డమ్మీ అనుకుని ఆమె భుజాల మీదే కోటు వేసేశాడు. దాని మీద వారం రోజులు నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది.

ఆర్టిస్టుకి ఇప్పుడు నవ్వులాటకి ఓపిక లేదు. కొత్త కేటలాగుకి పన్నెండు బొమ్మలు, శుక్రవారానికల్లా ఇవ్వాలి. నచ్చకపోతే ఆమెని తీసేసి వేరేవాళ్లని పెట్టుకుంటారు. మేనేజరు ఆ మాట దాచకుండా మొహం మీదే చెప్పాడు.

"ఇస్త్రీ రాని మనిషితో నేను వేగలేను," అంది అతనితో.

"పెద్దామె కదా మేడం."

"అయితే ఇంట్లో కూర్చోమనండి."

ఒక మనిషిని తీసేయడానికి ఆ మాత్రం చాలు. కాగితం కూడా అక్కర్లేదు.

ఇస్త్రీ ఆమె సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"మోచెయ్యి మీరు కొంచెం పైకి వేస్తారమ్మా. మొదట్నుంచీ అంతే. చూసుకోండి."

"నాకే నేర్పుతున్నావా?"

ఆమె వెళ్లిపోయింది.

మర్నాడు ఆవిరి మిషను తెచ్చారు. కోటు అద్దంలా వచ్చింది. వెతికినా ఒక్క ముడత లేదు.

ఆర్టిస్టు చెయ్యి గీసింది. చెరిపింది. మళ్లీ గీసింది. చెయ్యి కోటులోంచి రావడం లేదు, కోటుకి తగిలించినట్టుంది.

బుధవారం మేనేజరు వెనక నిలబడి చూశాడు.

"ఈ చేతులు ఎవరి దగ్గర అరువు తెచ్చారు మేడం?"

గురువారం పొద్దున్నే ఆమె తన పాత బొమ్మలు తెరిచింది, ఇంతకుముందు ఎలా గీసిందో చూసుకుందామని. గీతల పొర తీసేసింది. కింద ఫొటో ఒక్కటే మిగిలింది.

ఖాళీ కోటు.

కానీ ముడతల్లో మోచెయ్యి ఉంది. ఒక భుజం ఒరిగి ఉంది. ఇంకో ఫొటోలో గౌను కింద మోకాలు ముందుకొచ్చి ఉంది, లోపల కాలు లేకుండానే.

మూడోది తెరిచింది. నాలుగోది. నాలుగు నెలల బొమ్మలన్నీ తెరిచింది.

ప్రతిదాంట్లోనూ మనిషి ముందే నిలబడి ఉంది. తను చేసిందల్లా ఆ మనిషి చుట్టూ గీత తిప్పడం.

వాచ్‌మన్ని అడిగి అడ్రసు పట్టుకుని బస్సెక్కింది. దారిపొడవునా మాటలు కూడబలుక్కుంది. తప్పయింది అనాలా, పనిలోకి రమ్మంటే సరిపోతుందా? రేపే శుక్రవారం. రమ్మంటే చాల్లే అనుకుంది.

మెట్ల కింద గది. తలుపు బార్లా తీసి ఉంది. పక్క గదిలో ఉండే ఆవిడ నేల తుడుస్తోంది.

"ఇస్త్రీ ఆమె లేదా?"

"అత్త నిన్ననే ఖాళీ చేసిందండి. పని పోయిందిగా."

"ఎక్కడికెళ్లింది?"

"చెప్పలేదు. మీరెవరు?"

ఆర్టిస్టు ఆ ప్రశ్న దాటేసింది. "ఆవిడ ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇస్త్రీనా? అది మొన్నమొన్నటిది. అంతకుముందు ఇరవై ఏళ్లు నిలబడే పనే."

"నిలబడే పనేంటి?"

"బొమ్మల కాలేజీలోనండి. రకరకాల బట్టలు కట్టి బల్ల మీద నిలబెడతారంట. చుట్టూ పిల్లలు కూర్చుని గీసుకుంటారంట. కదిలితే అరుస్తారంట. వయసైపోయిందని వద్దన్నారు." ఆవిడ తడిగుడ్డ పిండింది. "పిల్లలు గీసి పారేసినవి ఏరుకొచ్చి దాచుకునేది. అన్నీ పట్టుకెళ్లింది. అదొక్కటే గోడకి అంటుకుపోయి రాలేదు."

ఆర్టిస్టు గోడ వైపు తిరిగింది.

రంగు మారిన కాగితం. పెన్సిలు బొమ్మ. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన ఆడమనిషి. మోచెయ్యి కొంచెం పైకి ఉంది.

కింద మూలన తన సంతకం. కాలేజీలో చేరిన మొదటి ఏడాది తేదీ.

బట్ట మీది ముడతలు ఒక్కటీ వదలకుండా గీసింది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ సున్నా చుట్టి వదిలేసింది.