ముగ్గురికి చాలని గాలి

లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. లైటు పోయింది. నెత్తి మీది ఫ్యానూ ఆగింది.

“కరెంటు పోయినట్టుంది. జనరేటర్ వేస్తరు తియ్యి” అన్నాడు రిషి, అప్పటికింకా ధైర్యంగానే.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగులతో కిక్కిరిసిన బిల్డింగు అది. క్లాసు ముగించుకుని రిషి, రవళి కిందికి బయల్దేరారు. పై అంతస్తు నుంచి వస్తున్న ఒక పెద్దావిడ అప్పటికే లిఫ్టులో ఉంది. ముఖానికి మాస్కు, చెవుల మీదుగా కొంగు, చేతిలో సంచి. ఆ రోడ్ల దుమ్ముకి మాస్కు పెట్టుకోనివాళ్లెవరు? ఫోన్లో కథ చదువుకుంటున్న రిషి ఆమె వంక సరిగ్గా చూడనే లేదు.

పైనుంచి వాచ్‌మన్ మొగిలయ్య కేకేశాడు.

“జనరేటర్‌ల డీజిల్ లేదు సార్! లిఫ్టాయన సనత్‌నగర్ నుంచి వస్తుండు. జర ఓపిక పట్టుండ్రి!”

సనత్‌నగర్ నుంచా! ఈ ట్రాఫిక్‌లోనా!

మామూలు మనిషైతే ఉక్కపోస్తోందని విసుక్కుని ఊరుకుంటాడు. రిషి మామూలు మనిషి కాడాయె. చిన్నప్పటి నుంచి అంతరిక్షం కథలు నమిలి మింగిన ఘనుడు. ఆ కథల్లో ఓడ ఆగిపోయిందంటే తర్వాత జరిగేది ఒకటే. ముందు ఛార్జింగు మిగల్చాలని తన ఫోనూ, రవళి ఫోనూ ఆర్పించాడు.

“రవళీ, గీ డబ్బాల గాలి ఎంతసేపు వస్తదో తెలుసా?”

“ఎందుకు?”

“ముగ్గురం పీలుస్తున్నం. ఆక్సిజన్ అయిపోయేది తర్వాతి ముచ్చట. ముందు మనం వదిలే కార్బన్ డయాక్సైడే మనల్ని చంపుతది.”

రవళి బావురుమంది.

పెద్దావిడ గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది.

“లిఫ్టుకు... సందులుంటయి బిడ్డా. గాలి... వస్తది.”

“మీకు తెల్వదు పెద్దమ్మా! మాట్లాడకుండ్రి. మాటలకు సుత గాలి ఖర్చయితది.”

ఆమె మాట్లాడలేదు. కానీ ఆ చీకట్లో ఆమె ఊపిరి చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. వింటుంటే రిషికి ఒళ్లు మండుకొచ్చింది. తన వంతు గాలి కూడా ఆమే లాగేసుకుంటోందనిపించింది.

“గంత గట్టిగ పీల్చకుండ్రి! మేం సుత బతకాలె!” అని అరిచేశాడు.

“ఛీ! పెద్దామెతోని గట్లనా మాట్లాడేది?” అంది రవళి ఏడుపులోనే.

తర్వాత ఒక చల్లటి చెయ్యి తడుముకుంటూ వచ్చి రిషి చెయ్యి పట్టుకుంది.

“ఫోన్ల... కథ చదువుతుంటివి గదా. చెప్పు.”

“ఇప్పుడా!”

“చెప్పు. పిల్ల... బుగులు పడ్డది.”

ఏం చేస్తాడు? మొదలుపెట్టాడు. అంగారకుడి మీదికి పోతున్న ఓడ. గాలి ట్యాంకుకి చిల్లు పడింది. లోపల నలుగురున్నారు. ఉన్న గాలి ముగ్గురికే.

“అయ్యో! ఒకర్ని బయటికి నూకేస్తరా?” అంది రవళి ముక్కు తుడుచుకుంటూ.

“కెప్టెన్ గదే అంటడు. చీట్లు వేద్దాం అంటడు. గప్పుడు వాళ్లల్ల ఒకామె, తాగే నీళ్లున్నయి గదా అంటది.”

“నీళ్లతోని... ఏమైతది?” అడిగింది పెద్దావిడ.

“నీళ్లల్లకు కరెంటు పంపిస్తే విడిపోతయి పెద్దమ్మా. హైడ్రోజన్ వేరు, ఆక్సిజన్ వేరు. ఆ ఆక్సిజన్‌నే పీల్చుకోవాలె.”

“నిజంగనా?”

“నిజంగనే! ఇప్పుడు పైన తిరుగుతున్న అంతరిక్ష కేంద్రంల గట్లనే చేస్తరు.”

“మంచిగుంది” అందామె. చీకట్లో నవ్వినట్టే వినిపించింది.

చెప్పేకొద్దీ రిషికి ఉషారొచ్చింది. ఎండ నుంచి కరెంటు ఇచ్చే పలక విరిగిందన్నాడు. బాగు చెయ్యడానికి ఎవరో ఒకరు బయటికి పోవాలన్నాడు. రవళి ఏడుపు మరిచి దగ్గరికి జరిగింది.

“ఆ తర్వాత?” అంటోంది పెద్దావిడ.

ఇంకాసేపటికి మళ్లీ, “ఆ... తర్వాత?”

ఆ తర్వాత ఆమె అడగలేదు. పట్టుకున్న చెయ్యి జారిపోయింది.

నిద్రపోయింది! ఇంత మంచి కథ చెబుతుంటే! రిషికి మనసు చివుక్కుమంది. సరే, ఆమె కర్మ అనుకుని మిగతా కథ రవళికే చెప్పాడు.

కథ అయిపోవస్తుండగా పైన ఏదో గీరుకుంది. లిఫ్టు కొంచెం కొంచెంగా దిగింది. తలుపు సందులోంచి వెలుతురు పడింది.

లిఫ్టాయన తలుపు లాగగానే ఇద్దరూ ఒక్క దూకు దూకి బయటపడ్డారు. రిషి వరండా కిటికీకి ఉరికి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. బతికాంరా దేవుడా! వెనక్కి తిరిగి చూడాలన్న ధ్యాసే లేదు.

అంతలో ఒక ముసలాయన రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. భుజాన సిలిండరు ఉంది. అందర్నీ నెట్టుకుని లిఫ్టులోకి పోయాడు.

“కాంతా! ఓ కాంతా! కండ్లు తెరువే!”

కొంగు తీశాడు. మాస్కు లాగేశాడు. ఆమె ముక్కుకి ఒక సన్నటి గొట్టం. ఆ గొట్టం సంచిలోని చిన్న సిలిండరులోకి పోయింది. దాన్ని ఊడబీకి, తెచ్చిన సిలిండరు తగిలించాడు.

ఆమె కళ్లు తెరవలేదు.

“పై అంతస్తుల ఊపిరితిత్తుల డాక్టర్ కాడికి వచ్చినం” అన్నాడు ఏడుస్తూ. “నిండు సిలిండర్ ఆటోల ఉండె. ఆటో గేటు కాడికి తెస్త, నువ్వు లిఫ్టుల దిగు అన్న. ట్రాఫిక్‌ల ఇరుక్కుంటి సార్! ఆటో ఇడిచిపెట్టి ఉరికొచ్చిన.”

మొగిలయ్య, లిఫ్టాయన ఆమెను ఎత్తుకుని మెట్ల వైపు నడిచారు.

“ఫికర్ పడ్డదా బిడ్డా? ఏమన్న చెప్పిందా?” అడిగాడు ముసలాయన, పోతూ పోతూ.

రిషి లిఫ్టులో మిగిలిపోయిన సంచి వంక చూస్తున్నాడు.

“కథ చెప్పుమన్నది” అంది రవళి.

“దానికి ఎరుకే బిడ్డా. డాక్టర్ రూంల నుంచి ఎల్లేటప్పుడే సిలిండర్ మీది ముల్లు చూసుకున్నది. లిఫ్టు దిగేదాంక సరిపోతది తియ్యి అన్నది.”

ఆ చీకటి డబ్బాలో గాలి నిజంగా అయిపోతున్నది తనకొక్కదానికేనని ఆమెకు మొదటి నుంచీ తెలుసు.