కుర్చీలోంచి లేచేదెలా?

చిన్నది బొమ్మల కట్టను కాలేజీ ఆఫీసు కిటికీ గట్టు మీద దబ్బున పడేసింది.

"ఏమండీ! నా కుర్చీ బొమ్మ మీద పెన్సిలుతో రాసిందెవరు?"

కిటికీ అవతల ఓ పెద్దాయన నిలబడి పురికొస ఉండ చుడుతున్నాడు. సీటు రానివాళ్ల బొమ్మలు కట్టగట్టి తిరిగిచ్చే పని ఆయనది. కళ్లజోడు నుదుటి మీదకు నెట్టాడు.

"ఏం రాశారమ్మా?"

"ఇదిగో, మూలన. 'ఇందులోంచి లేచేదెలా?' అట! సీటు ఇవ్వకపోతే ఇవ్వకపోయారు, పుండు మీద కారమెందుకండీ? మీ సారు జన్మలో కుర్చీలో కూర్చున్నాడా అసలు?"

"నిలబడే ఉద్యోగమేమో తల్లీ, పాపం."

"నేనడిగానని చెప్పండి."

"పొల్లు పోకుండా చెప్తా."

ఇంట్లో అందరికంటే చిన్నదని పెట్టిన పిలుపే గానీ, కోపం మాత్రం అందరికంటే పెద్దది. బొమ్మ వేస్తే దానికి ప్రాణం లేచొచ్చేది. పరీక్ష కాగితం చూస్తే అదే చెయ్యి కొయ్యబారేది. లెక్కల్లో ముప్పై ఆరు. ఆ డిజైన్ కాలేజీలో సీట్లా ఇరవై నాలుగు, అడిగేవాళ్లా రెండు వేల పైచిలుకు. మార్కులు సగం, బొమ్మలు సగం చూసి ఇచ్చే సీటది.

"మూడుసార్లు చూద్దాం" అంది అమ్మ. "అప్పటికీ రాకపోతే నోర్మూసుకుని మామయ్య కళ్లద్దాల షాపులో కూర్చోవాలి."

అందులో ఒకటి అయిపోయింది.

ఆ సాయంత్రం నాయనమ్మ సోఫాలోంచి లేవబోయింది. ఒక చెయ్యి మోకాలి మీద ఉంది. రెండో చెయ్యి గాలిలో దేనికోసమో వెతుకుతోంది.

చిన్నది చూసింది. ఏడాది పొడుగునా చూస్తూనే ఉంది.

"ఏంటే, మింగేసేలా అలా చూస్తావు?"

"మళ్లీ కూర్చుని మళ్లీ లే నాయనమ్మా."

"నా మోకాళ్లు నీకు ఆటబొమ్మలయ్యాయా?" అంటూనే ముసలావిడ మళ్లీ కూర్చునేది.

రెండో ఏడు బొమ్మలో కుర్చీకి చేతులొచ్చాయి. ముందుకు సాగి, కిందికి నొక్కితే మనిషిని పైకి లేపే చేతులు.

ఆ కట్టా తిరిగొచ్చింది.

ఈసారి చిన్నది అరవలేదు. కిటికీ దగ్గరే కట్ట విప్పి చూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"కన్నీళ్లు కాగితం మీద పడనీకు, ఇంకు పాకుతుంది" అంటూ పెద్దాయన బొమ్మను పక్కకు జరిపాడు. "మళ్లీ రాశాడా ఆయన?"

"'చేతులు బాగున్నాయి. తడిచేత్తో పట్టుకుంటే జారదూ?' అట."

"బాగున్నాయన్నాడా! అంత తేలిగ్గా అనే మనిషి కాదే."

"బాగుంటే సీటివ్వచ్చుగా బాబాయ్?"

"మార్కులు తగ్గాయేమో."

"ముప్పై ఆరు."

"ముప్పై ఆరుకు కుర్చీ కూలిపోదులే. పోయి మొహం కడుక్కో."

నాయనమ్మ గిన్నెలు కడిగి, తడి చేతులతోనే వచ్చి కూలబడడం అప్పుడు గాని చిన్నదాని కంట పడలేదు. పుట్టినప్పట్నుంచీ ఒకే ఇంట్లో ఉండి!

మూడో ఏడు కుర్చీ చేతులకు నూలుతాడు చుట్టింది.

"మీ సారుకు చెప్పండి బాబాయ్" అంది కట్ట అందిస్తూ. "ఈసారి ఏం రాసినా రబ్బరుతో తుడిచేస్తా."

పెద్దాయన కట్టను రెండు చేతులా అందుకున్నాడు.

"ఈసారి రాసే పని పడకూడదనే ఆయన కూడా కోరుకుంటాడమ్మా."

ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. లోపల ముగ్గురున్నారు.

"మార్కులు మరీ పలచగా ఉన్నాయే" అన్నారొకరు.

"మార్కులే పలచన సార్, కుర్చీ గట్టిదే" అని, అందులోంచి లేచేదెలాగో, తడిచేత్తో పట్టుకునేదెలాగో వాళ్లు అడక్కముందే ఒక్క గుక్కలో చెప్పేసింది.

ఇరవై నాలుగో సీటు, ఆఖరిది, చిన్నదానికొచ్చింది.

కాలేజీ తెరిచిన రోజే పాత బొమ్మలు రెండూ పట్టుకుని ప్రిన్సిపాల్ మేడం గదికి వెళ్లింది.

"ఇలా రాసింది ఏ సారో చెప్పండి మేడం. నోటికొచ్చినట్టు తిట్టాను ఆయన్ని. ఒక్కసారి కనబడి తప్పైందని చెప్పుకోవాలి."

మేడం బొమ్మల్ని వెలుగులో పెట్టి చూసింది.

"మావాళ్లెవరూ రాయరే! పిల్లల బొమ్మల మీద గీత పడకూడదని రూలు. అయినా రెండు వేల కట్టలు చూసేసరికే మాకు ఊపిరాడదు. ఇంత శ్రద్ధగా రాసే తీరిక ఎవరికుందమ్మా?"

చిన్నదానికి పెద్దాయన కట్టలు కట్టే చేతులు గుర్తొచ్చాయి. మెట్లు రెండేసి చొప్పున దిగి కిటికీ దగ్గరకు పరుగెత్తింది.

అక్కడ ఎవరో కొత్తావిడ ఉంది.

"పెద్దాయనా? పోయారమ్మా. గుండెనొప్పి. నెలైంది. సీట్ల లిస్టు గోడకు అంటించింది ఆయనే. ఆఖరి పేరు మీద వేలు పెట్టి ఎంతసేపు నిలబడ్డారో! ఆ వారంలోనే..."

ఆవిడ వంగి, కింది సొరుగులోంచి దుమ్ము పట్టిన కట్టలు నాలుగు తీసి గట్టు మీద పెట్టింది.

"ఎవరివో తీసుకెళ్లడం మర్చిపోయారనుకున్నాను. తీరా చూస్తే పైన ఆయన పేరే ఉంది."

చిన్నది ఒక్కో ముడీ విప్పింది.

కుర్రతనంలో ఇదే కాలేజీకి నాలుగుసార్లు పంపి, నాలుగుసార్లూ వెనక్కి తెచ్చుకున్న ఆ బొమ్మల్లో, ఏ ఒక్కదాని మూలనా ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.