చితి పువ్వులు

దహనానికి వచ్చినవాళ్ళు చితి మీద తలా ఒకటి పెట్టే కాగితం పువ్వులు చెయ్యడంలో లంపాంగ్‌లో బువాలైని మించినవాళ్ళు లేరు. ఆమె మొగుడు ఇన్‌తాకి కత్తెర పట్టుకోవడం కూడా రాదు.

ఇక లాభం లేదని డాక్టర్లు బువాలైని ఇంటికి పంపేసిన మర్నాడు, ఆమె అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది.

“రేకు మెల్లగా చుట్టు ముసలోడా! బండి చక్రం బిగిస్తున్నావా?”

“ఈ వయసులో నాకెందుకే ఇదంతా?”

“నా చితికి కొన్న పువ్వులు వద్దు. నువ్వే చెయ్యాలి.”

ఇన్‌తా మళ్ళీ రేకు చుట్టాడు. నాలుగో పువ్వు అచ్చం ఆమె చేసినట్టే వచ్చింది.

“వచ్చేసిందయ్యా! ఇక నాకు బెంగ లేదు,” అంది బువాలై.

అతను ఆ పువ్వును గుప్పిట్లో నలిపేశాడు.

“ఎక్కడొచ్చిందే? రేపు మళ్ళీ మొదట్నుంచి నేర్పు,” అన్నాడు.