కిరిఘా గారి తాళం

"1993 జనవరి ఇరవై నాలుగు, ఆదివారం. ఆ పూట కిమంగా తిన్నాం. మా ఆవిడ చిక్కుడు గింజలు, కర్రపెండలం ఉడకబెట్టి మెదిపింది. పక్కన పులిసిన పాలు. అంతే," అన్నాడు కిరిఘా, పొయ్యి మీది కుండలో చెక్క గరిటె తిప్పుతూ.

"పెద్దాయనా, నేనడిగింది తిండి సంగతి కాదు," అంది వకేషో. "ఆ ఏడుగురు ఎంపీలనీ తెల్లారేదాకా ఎలా ఆపారో చెప్పమన్నాను."

"అదేనమ్మా చెబుతున్నాను."

వకేషో తల పట్టుకుంది. కౌంటీ సభలో వాళ్ళ పార్టీకి పదకొండు మంది సభ్యులు. రేపు పొద్దున నైరోబి నుంచి పార్టీ పెద్దలు వచ్చి, చేతులెత్తించి సభానాయకత్వం ఎవరిదో తేలుస్తారు. ఆమెతో కలిపి ఆమె వైపు ఆరుగురు, పోటీకి దిగిన మొంబో వైపు ఐదుగురు. ఒక్కరు జారితే చాలు, అంతా తలకిందులవుతుంది. కిందటిసారి అలాగే ఓడింది. హోటల్లో దాచిన మనిషి కిటికీ దూకి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఓడితే ఇక ఆమె వెనక నిలబడేవాళ్ళు ఉండరు.

ఓటుకు ముందు రాత్రి తనవాళ్ళను ఒక కప్పు కిందకు చేర్చడం అక్కడ మామూలే. ఈసారి వకేషో హోటలు మానేసి, ఐదుగురినీ వ్యానెక్కించి కొండ మీది కిరిఘా ఇంటికి తెచ్చింది. కిరిఘా పార్లమెంటులో పార్టీ విప్‌గా ఉన్న రోజుల్లో ఏడుగురిని ఈ ఇంట్లో పెట్టి తాళం వేశాడనీ, ఒక్కరూ కదలలేకపోయారనీ, మర్నాడు నైరోబిలో ఏడు చేతులూ లేచాయనీ పార్టీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఫోన్లు బుట్టలో వేయించారు. ఇప్పుడు తాళం కూడానా?" అన్నాడు ఆ ఐదుగురిలో ఒకడైన న్యంబు, వరండాలోంచి. "మేం గౌరవనీయులమా, మేకలమా?"

"మేకలకి ఎవరూ కిమంగా వండిపెట్టరు. కూర్చో," అంది వకేషో.

అందరూ నవ్వారు. న్యంబు మాత్రం నవ్వలేదు. అతని చూపు కింద మలుపులో ఆగి ఉన్న కారు మీదే ఉంది. అది మొంబోది. న్యంబుకు బడ్జెట్ కమిటీ అధ్యక్ష పదవి ఇస్తానని మొంబో ఆశపెట్టిన సంగతి ఊరంతటికీ తెలుసు.

భోజనాల దగ్గర న్యంబు ఒకవైపు దవడతోనే నములుతున్నాడు. కిరిఘా అది చూసి అతని కంచం లోపలికి తీసుకెళ్ళి, ఇంకాస్త మెత్తగా మెదిపి తెచ్చాడు.

"పన్ను నొప్పని నేను చెప్పలేదే?" అన్నాడు న్యంబు.

"మా ఆవిడ మజాల ఉంటే నాకంటే ముందే కనిపెట్టేది. తిను నాయనా."

న్యంబు రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. "మా అమ్మ పోయాక మళ్ళీ ఇదే తినడం," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

తిన్నాక కిరిఘా పెద్ద తాళంచెవి పట్టుకుని వీధి తలుపు దగ్గరకు నడిచాడు. బరువైన చెక్క తలుపు. దానికి అరచేతంత ఇనుప పలక. బందులకు నెయ్యి రాయడం మజాల అలవాటు. ఇప్పుడు అతనే రాస్తున్నాడు, తలుపు చప్పుడు చెయ్యదు. అందరూ చూస్తుండగా తాళంచెవి రంధ్రంలో పెట్టి తిప్పాడు. ఇనుముకు ఇనుము తగిలి కటుక్కుమంది.

ఆనాడూ ఇలాగే తిప్పాడు. వెనక నిలబడ్డ మజాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయింది. ఎందుకంత నవ్వని తర్వాత అడిగితే, "నీ మొహం చూసి. అచ్చం జైలరులా పెట్టావు," అంది. ఆమె పోయి ఎనిమిదేళ్ళు. అయినా తాళంచెవి తీస్తూ కిరిఘా ఒకసారి వెనక్కి చూశాడు.

దీపాలు ఆర్పిన కాసేపటికి మలుపులో కారు హారన్ రెండుసార్లు మెల్లగా మోగింది. హాల్లో అడుగుల చప్పుడు. కిరిఘా గది వీధి తలుపు పక్కనే ఉంది. అతను మంచం మీద లేచి కూర్చున్నాడు గానీ దిగలేదు. అడుగులు వీధి తలుపు దాకా వెళ్ళి ఆగాయి. కొండ గాలి ఒక్కసారి చల్లగా కాళ్ళకు తగిలింది. చాలాసేపటికి ఆగిపోయింది. అడుగులు వెనక్కి వచ్చి అతని గుమ్మం ముందు నిలబడ్డాయి. న్యంబు. బూట్లు చేతిలో ఉన్నాయి.

"మేలుకునే ఉన్నారా పెద్దాయనా?"

"వయసు కదా."

"మీ తాళం గట్టిదే."

"పాతకాలందిలే."

"రేపు మొంబో అడిగితే అదే చెబుతాను. ముసలాయన తాళం వేసి పడుకున్నాడు, నేనేం చెయ్యను అని."

"అలాగే చెప్పు నాయనా. ఆనాడూ ఒకాయన అలాగే చెప్పుకున్నాడు."

న్యంబు చిన్నగా నవ్వి, వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు ఆరు చేతులు లేచాయి. సాయంత్రం వకేషో పంచదార, టీ పొడి పట్టుకుని కొండెక్కి వచ్చింది. కళ్ళు ఏడ్చినట్టున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"పెద్దాయనా, ఆ తాళం ఎక్కడ చేయించారో చెప్పండి. నాకూ అలాంటిది ఒకటి కావాలి. ఇకమీదట అవసరం పడుతూనే ఉంటుంది."

"అలాంటివి బజార్లో దొరకవమ్మా. కిమంగా వండడం నేర్చుకో."

"మళ్ళీ తిండి సంగతే!" అని నవ్వుతూ ఆమె కొండ దిగింది.

చీకటి పడింది. కిరిఘా జేబులోంచి తాళంచెవి తీసి, మజాల పాత ట్రంకుపెట్టెకు పెట్టి చూశాడు. అది హాయిగా తిరిగింది. మూత తెరవకుండానే దాన్ని అక్కడే వదిలేసి, వెళ్ళి వీధి తలుపు మెల్లగా మూశాడు.

ఆ ఇనుప పలక వెనక తాళమన్నది ఏనాడూ లేదు.