పిట్ట ముట్టని గ్లాసు

"ముడ్తలేదు" అన్నాడు విజేందర్, తుమ్మచెట్టు వైపు చూస్తూ.

దేవరకొండ బయట, మెట్ట చెలకలో, అన్న రఘుపతిని పూడ్చిన చోట విస్తరి పరిచి చాలాసేపయింది. మూడోరోజు పిట్టకు పెట్టడం. మటన్ కూర, గారెలు, ప్లాస్టిక్ గ్లాసులో విస్కీ. కాకులు కొమ్మల మీంచి చూస్తున్నాయే తప్ప దిగడం లేదు. పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలితేనే పిట్ట ముట్టదు. అందుకే చుట్టాలు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తున్నారు.

"తమ్మీ, నీ పెండ్లాన్ని మేం చూసుకుంటం. ఫికర్ చెయ్యకు. జర ముట్టు బిడ్డా" అంది అక్క గోవిందమ్మ.

కాకులు కదల్లేదు. గోవిందమ్మ వెనక్కి తిరిగింది.

"పుష్పమ్మా, కట్టుకున్నదానివి, నీకెరుక లేకుంట ఉంటదా? ఏమన్న కొట్లాడిన్రా?"

"లేదు వదినె."

పుష్పమ్మకు తెలుసు. ఆ గ్లాసులో ఉన్నది ఆయన ముట్టనిది. శనివారం సాయంత్రం ఎరువుల దుకాణం మూసి వచ్చేటప్పుడు ఆయన విత్తనాల సంచిలో ఓ వైన్ సీసా తెచ్చేవాడు. ఎర్రది, అన్నిట్లోకీ తక్కువ ధరకొచ్చే అగ్గువది. కిటికీలు వేసి, టీవీ సౌండు పెంచి, వేయించిన పల్లీలు ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చునేవాళ్లు. మొదటి గుక్క తాగి ఒక కన్ను మూసి, "గిది నయం. నేరేడు పండు లెక్కుంది. పోయినసారిది ఉత్త పులుపు" అనేవాడు. తర్వాత ఎవరికీ చెప్పని మాటలు చెప్పేవాడు. ఆ కాసేపూ ఆయనలో తను చూడని మూల ఒక్కటీ లేదని ఆమెకు అనిపించేది.

చెబితే ఆ మూసిన గది తలుపులు ఊరికంతా తెరిచినట్టే. చెప్పకపోతే ఆయన ఆకలితో తిరుగుతాడు.

"ఆయన విస్కీ తాగడు. వైన్ తాగుతడు" అంది.

విజేందర్‌కు నవ్వు ఆగలేదు. "మందు దుకాణం పేరే వైన్స్ గని, పోయి వైన్ ఇయ్యమంటే ఆడ నవ్వుతరు వదినె. గది తాగేటోళ్లెవరు?"

"కింది అరల ఉంటది. దుమ్ము పట్టి ఉంటది. చూడు."

"గదంత నీకెట్ల ఎరుక?" గోవిందమ్మ గొంతు మారింది.

"నేనే పోస్త కద. ఇద్దరం తాగుతం."

వెనక ఎవరో ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా తమ్ముడు గసుమంటోడు కాదు. నువ్వే మప్పినవా?"

సిగ్గుతో పుష్పమ్మ చెవులు కాలిపోతున్నాయి. కానీ ఆ సిగ్గు అడుగున మరేదో ఉంది. గర్వమా అది? ఇంతమంది రక్త సంబంధీకులున్నా ఈ మనిషి సంగతి తెలిసింది తనొక్కతెకే.

విజేందర్ బండి వేసుకుపోయి సీసాతో తిరిగొచ్చాడు. "నవ్విన్రు" అని మాత్రం అన్నాడు.

ఆమె విస్కీ పారబోసి, వైన్ తనే పోసింది. కొంత మట్టిలో ఒలికింది. వంగి, ఆయన పక్కనే ఉన్నట్టు చిన్నగా అంది. "తాగు. ఇగ కిటికీలు ఏసే పని లేదు."

అందరూ వెనక్కి జరిగారు.

కొమ్మ మీంచి ఓ పెద్ద కాకి లేచింది. విస్తరి పైన ఒక చుట్టు తిరిగింది. దాని నీడ గ్లాసు మీదుగా జారింది.

"వచ్చిండు. నా తమ్ముడు వచ్చిండు" గోవిందమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే పుష్పమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాకి వాలలేదు. రెక్కలు మార్చి, చెలక అంచున ఉన్న రాళ్ల కట్ట దాటి కిందికి దిగిపోయింది. ఒకదాని వెనక ఒకటి మిగతావీ అటే పోయాయి.

పుష్పమ్మ చెయ్యి విడిపించుకుని నడిచింది.

"వదినె, యాడికి?"

వినిపించుకోలేదు. ముళ్లకు చీర చిరుగుతున్నా కట్ట ఎక్కింది.

అవతల, తుప్పల చాటున, ఓ చిన్న విస్తరి ముందు తెలియని ఆడమనిషి ఒకతె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అదే రకం ఎర్ర వైన్ సీసాకు మూత పెడుతోంది. ఆమె పోసిన గ్లాసులో కాకి ముక్కు ముంచింది.